తెల్ల దారం కట్టిన కర్రలు

మా అమ్మాయికి ఇరవయ్యారేళ్లు నిండేదాకా తనను ‘మీరు’ అన్నవాళ్లు లేరు. ఇంట్లో పాప, వీధిలో పాప, డాక్టరు రాసే చీటీలో కూడా పాపే. తనకంటే పదేళ్లు చిన్నవాళ్లు సైతం తలమీద చెయ్యి వేసి “ఏం పాపా, అన్నం తిన్నావా?” అని అడిగి, జవాబు కోసం నా మొహం చూసేవాళ్లు. ఆ జవాబు నేనే చెప్పేదాన్ని. పుట్టినప్పుడు ఊపిరి తీసుకోవడం ఆలస్యం చేసింది. ఆ తర్వాత అన్నీ ఆలస్యంగానే వచ్చాయి, కొన్ని అసలు రాలేదు. మాట నెమ్మది, చెయ్యి నెమ్మది, లెక్క మరీ నెమ్మది.

ఆ ఏడు వానలు మొదలయ్యే రోజుల్లో నేను మెట్టు తప్పి పడి మడమ బెణికించుకున్నాను. ఆసుపత్రి వెనక సందులో ‘అరువుగది’ అని ఒకటి ఉంది. ఊతకర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఊరికే ఇస్తారు, బాగయ్యాక తిరిగిచ్చేస్తే చాలు. మా ఆయన అక్కణ్ణుంచి ఒక జత కర్రలు తెచ్చారు. మూడు వారాలు వాడాను. తిరిగి ఇవ్వడానికి నేనూ పాపా వెళ్లాం.

బల్ల వెనక నిలబడ్డ పెద్దావిడ కర్రను తలకిందులు చేసింది. ఆవిడ రిటైరైన నర్సు, ఆ గది నడిపేది ఆవిడే. అందరూ నర్సమ్మగారనే అంటారు. కర్ర చివర తొడిగిన రబ్బరు బుష్ ఊడదీసి లోపల వేలు పెట్టి చూసింది.

“ఎవరు కడిగారు దీన్ని?”

“మా పాపండీ. వద్దంటే వినదు. ఏమైనా పాడుచేసిందా?”

“లోపల మట్టి లేదు. ఇన్నేళ్లలో బుష్ లోపల కూడా కడిగి తెచ్చినవాళ్లను నేను చూడలేదు.” ఆవిడ పాప వైపు తిరిగింది. “మట్టి దేనితో తీశారు?”

పాప నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను.

“మిమ్మల్ని కాదమ్మా. ఆమెను అడిగాను.”

పాప ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. నర్సమ్మగారు మాత్రం ఆ రోజుకి వేరే పనేమీ లేనట్టు నిలబడింది.

“పిన్నీసు,” అంది పాప.

“రేపు పదింటికి వస్తారా? జీతం ఉండదు. టీ ఉంటుంది.”

“తనకి చేతకాదండీ, ఊరికే మీకు...” అని నేను అంటుండగానే, “వస్తా,” అంది పాప.

అక్కడ పనిచేసేవాళ్లంతా అలా ఊరికే చేసేవాళ్లే. ఫోను దగ్గర కూర్చునే ఆవిడకు చూపు లేదు. విరిగిన కుర్చీలూ వాకర్లూ అతికే వెల్డరు బాబాయికి ఎడమ కాలు మోకాలి దగ్గరే ఆగిపోయింది. “కర్రలు వాడినవాడికే కర్ర బాధ తెలుస్తుందని నర్సమ్మగారు నన్ను ఇక్కడ కట్టేసింది,” అనేవాడు. పాపకు తోడుగా ఉంటానని నేనూ మొదటిరోజు ఒక మూల కుర్చీ వేసుకున్నాను.

“ఈ గదిలో చేరాలంటే ఏదో ఒకటి తక్కువుండాలమ్మా. మీకేం తక్కువ?” అన్నాడు బాబాయి.

“నాకేం తక్కువ లేదండీ.”

“ఓపిక తక్కువ,” అంది ఫోనావిడ రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి. “వచ్చి పావుగంట కాలేదు, నాలుగుసార్లు కుర్చీ జరిపింది.”

అందరూ నవ్వారు. పాప కూడా నవ్వింది. నా మీద వేసిన జోకుకు అది నవ్వడం అదే మొదటిసారి.

పాప పని ఇదీ. తిరిగొచ్చిన కర్రలను సబ్బునీళ్లతో కడగాలి. గుడ్డతో తుడవాలి. బుష్ తీసి దాని అడుగున ఉండే గాడులు అరిగాయేమో బొటనవేలితో తడిమి చూడాలి. తర్వాత గది మూలన నున్నటి టైలు ముక్క ఒకటి ఉండేది. దాని మీద నీళ్లు చల్లి, కర్ర ఆనించి, ఒంటి బరువంతా వేసి ఇరవై దాకా లెక్కపెట్టాలి. జారితే ఎర్ర దారం, అది బాబాయి దగ్గరికి పోతుంది. జారకపోతే తెల్ల దారం, అది బయటికి పోతుంది.

“తెల్ల దారం కట్టామంటే, ‘నాన్నా, దీని మీద భయం లేకుండా బరువు వెయ్యి’ అని మాటిచ్చినట్టు,” అని చెప్పింది నర్సమ్మగారు. పాప ఆ మాటను మనసుకెక్కించుకుంది. పదమూడు దగ్గర లెక్క తప్పేది. తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఒక్కో కర్రకు పది నిమిషాలు, ఒక్కోసారి పావుగంట. దారానికి బూటు లేసులా రెండు చెవుల ముడి వేసేది. తనకు వచ్చిన ముడి అదొక్కటే. రోజుకు ఆరు కర్రలు, మహా అయితే ఏడు.

రెండు వారాలు అంతా బాగానే ఉంది. పాప పొద్దున్నే లేచి, నేను లేపకుండానే తల దువ్వుకుని, తొమ్మిదింటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేది. “మీ మేడమ్‌గారి ముందు నా ఆఫీసు దండగ,” అనేవారు మా ఆయన. ఆయన నీటిసరఫరా ఆఫీసులో గుమాస్తా. “నేను ఇరవై ఏడేళ్లలో ఒక్కరోజు కూడా ఇంత హుషారుగా పోలేదు.”

తర్వాత వానలు ముదిరాయి. ఊరంతా జారుడే. అరువుగది వరండాలో జనం నిలబడడం మొదలైంది. చుట్టూ కట్టుకట్టిన కాళ్లు, ఆసరా పట్టుకున్న బంధువులు. లోపల పాప బల్ల పక్కన కడగాల్సిన కర్రలు గుట్ట. “ఇంకెంతసేపమ్మా?” అని వరండాలో ఎవరో విసుక్కుంటే అది నా వీపుకు తగిలేది. పాప టైలు మీద నిలబడి “పదకొండు... పన్నెండు...” అంటూ ఉండేది. నాకు చేతులు దురదపెట్టేవి. ఇరవయ్యారేళ్లు దాని జడ నేనే వేశాను, దాని కంచం నేనే కడిగాను. అది సగం మడిచిన దుప్పటి విప్పి మళ్లీ నేనే మడిచేదాన్ని.

ఒకరోజు అది చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. గుట్టలోంచి రెండు కర్రలు తీసి, గుడ్డతో ఒక తుడుపు తుడిచి, పైపైన చూసి, తెల్ల దారం కట్టి దాని కర్రల పక్కన పెట్టేశాను. అర నిమిషం పట్టలేదు. మర్నాడు నాలుగు. తర్వాత రోజూ, అది టీకి లేచినప్పుడల్లా. మాట దాని మీదికి రాకూడదని చేశాననుకున్నాను. దాన్ని తీసేస్తారేమో, మళ్లీ కిటికీ దగ్గర కూర్చోపెట్టాల్సి వస్తుందేమో అని నా భయం.

“ఈ వారం స్పీడు పెంచారే,” అంది నర్సమ్మగారు పాపతో. పాప తన ముందున్న కర్రలను చూసి కనుబొమ్మలు ముడిచింది. ఏదో అడగబోయినట్టే ఉంది. “అవునండీ, అలవాటవుతోంది,” అన్నాను నేను గబుక్కున.

నెల తిరక్కుండా ఒక పొద్దున, మా దగ్గర కర్రలు తీసుకెళ్లిన టైలరు గారి భార్య వచ్చింది. గొడుగు కూడా ముడవకుండా లోపలికొచ్చి ఒక కర్రను బల్ల మీద పడేసింది.

“ఎవరు ఇచ్చారు ఇది? మా ఆయన కొట్టు గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే జారిపోయింది. కాలు విరిగి మీ దగ్గరికొస్తే ఇప్పుడు మణికట్టు కూడా పోయింది. కుడిచెయ్యి. కత్తెర పట్టే చెయ్యి. ఆరు వారాలు కదపొద్దన్నారు. ఆయన చెయ్యి కదపకపోతే మా ఇల్లు ఎలా నడవాలి?”

నర్సమ్మగారు కర్ర తిప్పి చూసింది. బుష్ అరిగి మధ్యలో చిల్లు పడి ఉంది. కర్రకు తెల్ల దారం. చెవులు లేకుండా బిగించి వేసిన ముడి. దూరం నుంచే గుర్తుపట్టాను.

“ఇవి చూసేది ఎవరు? ఆ పిల్లేనా?” అంది టైలరు భార్య. “ఆ పిల్లకి ఏం తెలుసనమ్మా ఇలాంటి పని పెట్టారు? జాలి ఉంటే మీ ఇంట్లో చూపించుకోవాలి, మా కాళ్ల మీదా?”

“నేను ఇరవై లెక్కపెట్టాను,” అంది పాప.

“ఏం లెక్కో.”

“ఇరవై,” అంది పాప. “అన్నిటికీ.”

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంతా దాని మీదే పడుతోంది. నేను తేలు కుట్టిన దొంగలా మూలన నిలబడ్డాను. చెప్తే ఇద్దరినీ పొమ్మంటారు కదా అని ఒక లెక్క. ఆవిడ వెళ్లాక చెప్దామని ఇంకో లెక్క. ఆవిడ వెళ్లింది. నేను చెప్పలేదు.

“రెండు రోజులు ఈ బల్ల దగ్గర కూర్చోవద్దు,” అంది నర్సమ్మగారు పాపతో మెల్లగా. “తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం.” వెల్డరు బాబాయి ఆ కర్రను చేతిలోకి తీసుకున్నాడు. దారాన్ని వేలితో ఒకసారి తాకాడు. నా వైపు చూశాడు.

ఆ సాయంత్రం మా ఆయన వచ్చేసరికి పాప స్నానాలగదిలో ఉంది. నేల మీద నీళ్లు పోసి, చీపురుకర్ర తలకిందులుగా ఆనించి, దాని మీద బరువు వేసి లెక్కపెడుతోంది. ఇరవై అయింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మళ్లీ అయింది. మళ్లీ.

“ఏంటమ్మా ఇది?” అన్నారాయన గుమ్మంలో నిలబడి.

“నాన్నా, ఇరవై అంటే ఇంతేనా?”

“అంతే తల్లీ.”

“నాకు వచ్చనుకున్నాను,” అంది. “రాదేమో.”

వంటింట్లో నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అన్నేళ్లలో ఎవరెవరో ఎన్నో అన్నారు దాన్ని. అది ఎప్పుడూ నమ్మలేదు. అర్థం కాలేదేమో అనుకునేవాళ్లం కానీ, నమ్మలేదంతే. ఇప్పుడు నమ్ముతోంది.

మర్నాడు పదింటికి పాపను వెంటబెట్టుకుని వెళ్లాను. రానంది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. అందరూ ఉన్నారు. కూర్చోలేదు నేను.

“ఆ ముడి నాది,” అన్నాను. “తను బయటికి వెళ్లినప్పుడు నేను కట్టేదాన్ని. నీళ్లు చల్లి చూడలేదు. లెక్క పెట్టలేదు.”

ఫోనావిడ రిసీవరు కింద పెట్టేసింది.

పాప నన్నే చూస్తోంది. “నేను లెక్కపెట్టాను,” అంది.

“అవును. నువ్వు లెక్కపెట్టావు.”

“అన్నిటికీ.”

“అన్నిటికీ.”

నర్సమ్మగారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. “ఎన్ని?” అని అడిగింది.

“గుర్తు లేదండీ.”

“నిన్న దారం చూడగానే తెలిసింది నాకు,” అన్నాడు బాబాయి. “ఆ అమ్మాయి ముడి చూశాను కదా రోజూ. కానీ నేను చెప్తే ఆ అమ్మాయి నమ్మేది కాదు. తల్లే చెప్పాలి. ఇవాళ చెప్పకపోతే మాత్రం నేనే చెప్పేవాణ్ణి లెండి.”

రిజిస్టరు తీశారు. నేను ముడులు వేసిన ఆ మూడు వారాల్లో కర్రలు తీసుకెళ్లినవాళ్లు ముప్ఫై ఒక్కమంది. ఫోనావిడ ఆ పూటే అందరికీ ఫోను చేసింది. “కర్ర మూలకు పెట్టండి, దాని మీద బరువు వెయ్యకండి, మా మనిషి వస్తోంది,” అని ముప్ఫై ఒక్కసార్లు చెప్పింది. ఆ మనిషి మా పాప. నర్సమ్మగారు దానికి చిన్న ప్లాస్టిక్ మగ్గు, టైలు ముక్క, రెండు ఉండల దారం ఇచ్చింది. కొత్త బుష్‌ల సంచి నా భుజానికి తగిలించింది.

“ఆమె చూస్తారు. మీరు మొయ్యండి,” అంది. “మోయడం తప్ప ఇంకేమీ వద్దు.”

నాలుగు రోజులు వానలో తిరిగాం. కాళ్లకు బలపాలు కట్టుకున్నట్టు ఇల్లిల్లూ తిరిగాం. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే లెక్కల టీచరు ఇల్లు, బట్టలారేసే తీగకు ఒక కర్రను ఆసరా పెట్టేసిన ముసలమ్మ ఇల్లు, బంతాటలో మోకాలికి దెబ్బ తగిలించుకుని మంచం మీద చిరచిరలాడుతున్న ఒక కాలేజీ పిల్ల ఇల్లు. మొదటి ఇంట్లో తలుపు తీసినాయన నన్ను చూసి, “రండమ్మా, మీరేనా కర్రలు చూసేది?” అన్నాడు.

“నేను కాదండీ. ఈవిడ,” అన్నాను.

ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు. పాప చెప్పులు విప్పి లోపలికెళ్లి, “నీళ్లు కావాలి,” అంది. ఎవరింట్లోనూ అది తనంతట తాను నోరు తెరిచి ఏదీ అడిగింది లేదు అంతకుముందు.

లెక్కల టీచరు ఇంట్లో పదమూడు దగ్గర ఆగింది. ఆయన పెదవులు కదిలాయి. పద్నాలుగు అనేస్తారని నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నోరు మూసుకున్నారు. అది మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. వెళ్లేటప్పుడు, “మా క్లాసులో తప్పును తప్పని ఒప్పుకుని మొదటికి పోయేవాళ్లు ఇద్దరుంటే చాలు, నేను ఇంకా పాఠాలు చెప్తూనే ఉండేవాణ్ణి,” అన్నారు. పాపకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

రెండు చెవుల ముడి ఉన్న కర్ర కనబడితే పాప ఒకసారి తాకి పక్కన పెట్టేసేది. నా ముడి ఉన్నది కనబడితే దారం విప్పి నా చేతిలో పెట్టేది. నాలుగు రోజుల్లో నా చేతిలో నలభై మూడు దారాలు పడ్డాయి. అందులో అరిగిన బుష్‌లు తొమ్మిది. తొమ్మిదిమంది పడి ఉండాల్సింది. పడలేదు. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఇప్పటికీ ఆ తొమ్మిదిమందిని తలుచుకుంటాను.

టైలరు గారి ఇల్లు చివరికి ఉంచుకున్నాను. ఆయన భార్య తలుపు తీసి మమ్మల్ని చూసి తలుపు సగం మూసింది.

“మళ్లీ ఈ పిల్లనే పంపారా?”

“తప్పు తనది కాదండీ, నాది. తనకు తెలియకుండా నేను కట్టాను,” అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. “మరి ఆ రోజు నేను దాన్ని అన్ని మాటలంటుంటే పక్కనే ఉన్నావు కదా. విన్నావు కదా.”

“విన్నాను.”

“కన్నతల్లివేనా?”

లోపలినుంచి టైలరు గారు, “రానివ్వవే, వానలో నిలబెడతావా,” అన్నారు. కాలికి ఒక కట్టు, చేతికి ఒక కట్టు, మంచం మీద జారగిలబడి ఉన్నారు. పాప ఆయన దగ్గరున్న రెండో కర్ర తీసుకుంది. టైలు ముక్క నేల మీద పెట్టి నీళ్లు పోసింది. ఆనించి బరువు వేసింది. భార్య నన్ను ఇంకా ఏదో అంటూనే ఉంది.

“మాట్లాడొద్దు,” అంది పాప. “లెక్క పోతుంది.”

ఆవిడ ఠక్కున ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆవిణ్ణి ఆగమన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరనుకుంటాను, టైలరు గారి మొహంలో అంత సంతోషం కనబడింది. ఇరవై దాకా ఎవరమూ ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

“జారదు,” అంది పాప, ముడి వేస్తూ. తర్వాత, జారిన కర్రకు బదులుగా నేను మోసుకొచ్చిన కర్ర కూడా తీసుకుని ఆయన మంచం పక్కన పెట్టింది. “ఇది కూడా జారదు. నేను చూశాను.”

“గుండీలు కుట్టడం వచ్చా నీకు?” అన్నారు టైలరు గారు.

“రాదు.”

“బతికించావు. అది కూడా వస్తే ఇక నా కొట్టుకు ఎవరొస్తారు.”

ఆయన భార్య లోపలికెళ్లి టీ తెచ్చింది. పాపకొక్కదానికే తెచ్చింది. సబబే అనిపించింది నాకు. పాప తాగుతుంటే నేను సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అయిదో రోజు పొద్దున అరువుగదికి వెళ్లేసరికి పాప బల్ల తుడిచి ఉంది. కర్రల గుట్ట ఇంకా పెరిగి ఉంది. వరండాలో జనం ఉన్నారు. గోడకు ఒక కాగితం అంటించి ఉంది: ‘కర్రలు పరీక్షించాకే ఇస్తాం. ఆలస్యమవుతుంది. కూర్చోండి.’ కింద నాలుగు బెంచీలు కూడా వేయించారు. అంత తేలికా అనిపించింది. మూడు వారాలు నేను దొంగచాటుగా మోసిన బరువుకు ఒక కాగితమూ నాలుగు బెంచీలూ సరిపోయాయి.

నర్సమ్మగారు పాప ముందు నిలబడింది. నేను నా మూల కుర్చీ దగ్గరున్నాను.

“ఈ బల్ల మీది,” అంది పాపతో. “మీ అమ్మగారు ఇక్కడ కూర్చోవాలా వద్దా, మీరే చెప్పండి.”

పాప ఆలోచించింది. వరండాలో ఎవరో దగ్గారు. బాబాయి చేతిలో స్పానరు అలాగే ఆగింది. ఒక మాట సాయం అందిద్దామని నాలుక కొసదాకా వచ్చింది. ఆపుకున్నాను.

“వద్దు,” అంది పాప.

నేను నా మూల కుర్చీని గోడవైపు జరిపాను.

“నేను లేనప్పుడు చేస్తుంది,” అంది మళ్లీ, నా వైపు చూసి. కోపం లేదు దాని మొహంలో. ఏ కర్ర గురించి చెప్పినా అలాగే చెప్తుంది, జారుతుంది, జారదు అని. “ఒంటిగంటకి రా అమ్మా. గేటు దగ్గర ఉండు.”

సరేనని నా గొడుగు తీసుకున్నాను. మెట్లు దిగుతుంటే వెనక నీళ్లు పోసిన చప్పుడు, ఒకటి, రెండు, మూడు అని దాని గొంతు వినబడ్డాయి.

సందు చివర టెలిఫోను బూత్ దగ్గర ఆగాను. మా ఆయన ఆఫీసుకు ఎప్పుడూ ఫోను చెయ్యను. ఆయన ఎత్తగానే, “ఏమైంది? పాప బాగుందా?” అన్నారు.

“బాగుంది. నన్ను తీసేశారు.”

“ఎవరు? నర్సమ్మగారా?”

“కాదు. పాప.”

అటువైపు టైపుమిషను చప్పుడూ, ఎవరో ఫైలు అడగడమూ వినబడ్డాయి.

“ఏమని తీసేసింది?”

చెప్పాను.

“కరెక్టుగానే చేసింది,” అన్నారాయన. “ఒంటిగంటకి నేను కూడా వస్తాను. గేటు దగ్గరే నిలబడదాం.”